టిక్ పెట్టేశాం కదా, ఇంకేం చేస్తాం? డేటా హక్కులపై అపోహలు - వాస్తవాలు

పదో తరగతి పరీక్షలు మొదలవకముందే మా ఇంట్లో కాలేజీలవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. “సార్, పాపను ఇంటర్‌లో ఎక్కడ చేరుస్తున్నారు?” పాప పేరు, బడి పేరు చెప్పి మరీ అడుగుతున్నారు. “నా నంబరు ఎవరిచ్చారమ్మా?” అంటే “డేటాలో ఉంది సార్” అంది అవతలి అమ్మాయి, అదేదో గోడ మీద రాసున్నట్టు. విజయవాడ, గుంటూరుల్లో పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ తంతు మామూలే. నేను బ్రాడీపేటలో లాయరుని. ఈ విషయం మీద ఆఫీసుకి వచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: “యాప్‌లో ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేశాం. ఇక మన చేతుల్లో ఏముంది?”

అందరికంటే ఎక్కువగా విన్న మాట ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిందీ ఇదే. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి ఎప్పుడూ ఒక పనికి ముడిపడి ఉంటుంది. ఆ పనికి ఎంత డేటా అవసరమో అంతవరకే అది చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోన్లోనే డాక్టరుతో వైద్యం చేయించే యాప్ మీ కాంటాక్టులు కూడా అడిగింది, మీరు రెండింటికీ సరేనన్నారు. వైద్యానికి కాంటాక్టులతో పనిలేదు కాబట్టి, మీరు సరేనన్నా ఆ రెండోదానికి సమ్మతి లేనట్టే లెక్క. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. దేనికోసం తీసుకుంటున్నారో చెప్పే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా ఇవ్వాలి.

పట్టాభిపురం నుంచి ఒక చిన్న వ్యాపారి వచ్చాడు. లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాడు, రెండు వాయిదాలు తప్పాయి. యాప్‌వాళ్లు అతని వియ్యంకుడికి ఫోన్ చేసి “మీవాడు ఎగ్గొట్టాడు” అని చెప్పారు. “కాంటాక్టులకు అలౌ నొక్కింది నేనేగా సార్” అని తలదించుకుని కూర్చున్నాడు. అప్పు కట్టాల్సిందే, అది వేరే సంగతి. కానీ లోన్ యాప్‌లు ఫోన్లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫొటోల జోలికి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. అలౌ నొక్కినంత మాత్రాన తప్పు ఇతనిది అయిపోదు.

అపోహ: “నంబరు చెప్పకపోతే బిల్లు రాదట.”

బీసెంట్ రోడ్డులో రెండు జతల సాక్సులు కొన్నా కౌంటర్‌లో అడిగేది ముందు నంబరే. బిల్లు కోసం మొబైల్ నంబరు ఇవ్వాలని కొనేవాళ్లను బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే దుకాణాలకు సూచించింది. “నంబరు లేదమ్మా, కాగితం బిల్లు ఇవ్వు” అంటే చాలు. మెసేజ్‌లో బిల్లు కావాలని మనమే నంబరిస్తే, ఆ బిల్లు పంపడానికే వాడాలి, పండగ ఆఫర్లకు కాదు.

అపోహ: “చట్టం వచ్చేసిందిగా, రేపే కేసు వేసి నష్టపరిహారం లాగుదాం.”

ఇక్కడ మాత్రం కొంచెం నీళ్లు చల్లాలి. చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు వచ్చేసరికి 2025 నవంబరు అయింది. మనకు హక్కులిచ్చే సెక్షన్లు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వచ్చేలా పెట్టారు. డేటాను సరిగ్గా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అంకె చూసి మురిసిపోవద్దు, అది వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి, మన జేబులోకి కాదు. పైగా కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లకు పరిహారం ఇప్పించే ఐటీ చట్టం సెక్షన్ 43ఏను కూడా ఈ కొత్త చట్టం తీసేస్తోంది. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. ఒకటి గుర్తుపెట్టుకోండి: ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు చేయాలి. 90 రోజుల్లోగా వాళ్లు తేల్చాలి. అక్కడ తేలకపోతేనే, ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్లాలి. అబద్ధపు ఫిర్యాదు పెడితే మనకే 10,000 రూపాయల దాకా పడుతుంది.

అపోహ: “తీసెయ్యమంటే మొత్తం తీసెయ్యాల్సిందే.”

వేరే చట్టం దాచమన్న రికార్డును తీసెయ్యరు. ఖాతా మూసేసినా బ్యాంకులు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) కాగితాలను 5 ఏళ్లు ఉంచాలి. మీరే అందరికీ కనిపించేలా పెట్టిన పోస్టుకు ఈ చట్టం వర్తించదు. లాడ్జి రిజిస్టరులో పెన్నుతో రాసిన మీ పేరుకీ వర్తించదు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన క్షణం నుంచి వర్తిస్తుంది.

లాడ్జి అంటే గుర్తొచ్చింది. ఆధార్ జిరాక్స్ అడిగిన ప్రతిచోటా పూర్తి నంబరు ఇవ్వక్కర్లేదు. ఆధార్ వెబ్‌సైట్‌లో మాస్క్‌డ్ కాపీ దొరుకుతుంది, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

మళ్లీ మా పాప సంగతికి వస్తాను. 18 ఏళ్లు నిండని పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మా నంబరు మేం ఇచ్చింది బడికి, అదీ అడ్మిషన్ కోసం. ఎవరెవరికి పంచారో చెప్పమని అడిగే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది. అందుకే ఆ ప్రశ్న కాలేజీకి కాదు, ముందు బడికి వేయాలి. మొన్న బీరువాలోంచి పాత అడ్మిషన్ ఫారం తీసి చూశాను. నా నంబరు, మా ఆవిడ నంబరు, మా ఆదాయం, ఆఖరికి పాప మేనమామ నంబరు కూడా రాసిచ్చాం. ఇవన్నీ దేనికో ఎక్కడా ఒక్క ముక్క లేదు. కింద సంతకం మాత్రం నాదే.

బడికి మెయిల్ పెట్టాను. చట్టం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదని వాళ్ల లాయరు చెప్పొచ్చు, నేనైనా అదే చెప్పేవాణ్ణి. ఈలోగా మేనమామకి కూడా ఫోన్ వచ్చిందట, పాపను ఎంపీసీలో చేరుస్తారా, బైపీసీలోనా అని.