ప్రభుత్వ బడి, ప్రభుత్వ ఆస్పత్రి: అడిగే హక్కుపై అపోహలు - వాస్తవాలు

గ్రామాల్లో తల్లిదండ్రుల కమిటీలకు, మహిళా సంఘాలకు సమాచార హక్కు దరఖాస్తులు రాయడం, బడి రికార్డులు, ఆస్పత్రి రిజిస్టర్లు చదవడం నేర్పడం నా పని. బడి గురించో ఆస్పత్రి గురించో మాట ఎత్తితే చాలు, జనం కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. కానీ ఆ కోపం ఎవరిని, ఏమని అడగాలో తెలియక ఎక్కువసార్లు అక్కడే ఆగిపోతోంది. దానికి కారణమైన కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఊరికే ఇస్తున్నారు కదా, ఎలా ఉన్నా సర్దుకుపోవాలి.

వాస్తవం: కూలికి వెళ్లే మనిషి కూడా ఫోన్ రీచార్జి చేయించిన ప్రతిసారీ 18 శాతం జీఎస్టీ కడుతున్నారు. ఆస్పత్రి నడిచేది అలాంటి డబ్బుతోనే. పైగా ఏ సేవ ఎంతవరకు అందించాలో చాలావాటికి ప్రభుత్వమే రాసిపెట్టింది. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమమే చూడండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకు, సిజేరియన్ అయినా సరే, పైసా తీసుకోకూడదు. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఆస్పత్రికి రావడానికి, తిరిగి ఇంటికి వెళ్లడానికి బండి ఇవ్వాలి. పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే ఏడాది నిండేదాకా వైద్యం ఉచితం.

ఇన్ని ఉన్నా లేబర్ రూమ్ బయట "మగబిడ్డ పుట్టాడు, చేతిలో ఏమైనా పెట్టండి" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. బిడ్డను చూసిన సంతోషంలో కొందరు, బాలింతను సరిగా చూడరేమోనన్న భయంతో కొందరు ఇచ్చేస్తారు. దాన్ని ఆనవాయితీ అనుకోకండి, అది లంచం. మందులు బయట కొనుక్కోమని చీటీ రాసిస్తే దాన్ని ఫొటో తీసుకోండి, షాపులో బిల్లు అడిగి తీసుకోండి. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎన్నో నిజమైనవే అయినా నిలబడలేదు. చీటీ మెడికల్ షాపులోనే వదిలేసి రావడం వల్ల చూపించడానికి ఏమీ మిగల్లేదు.

నిధులు లేవు, బెడ్లు లేవు అనే జవాబుకు కూడా ఒక హద్దుంది. పశ్చిమ బెంగాల్‌లో 1992లో హకీమ్ షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నారు. ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి ఆయన్ని చేర్చుకోలేదు. చివరికి ప్రైవేటులో వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. ఆయన, ఆయన కూలీ సంఘం కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని 1996లో కోర్టు తేల్చి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. పోరాడింది కూలీల సంఘమన్న సంగతి గుర్తుపెట్టుకోండి.

అపోహ: డాక్టరు లేకపోతే అక్కడున్న నర్సును, పాఠం జరగకపోతే అక్కడున్న టీచర్‌ను నిలదీయాలి.

వాస్తవం: ఆ రోజు డ్యూటీకి వచ్చిన మనిషే మన కోపానికి బలవుతున్నారు, రానివాళ్లు హాయిగా ఉంటున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అంటే పీహెచ్‌సీలో, డాక్టరు పోస్టు ఖాళీగా ఉండొచ్చు. లేదా పోస్టు కాగితం మీద ఇక్కడ ఉండి, మనిషి డిప్యుటేషన్ మీద ఇంకో ఆస్పత్రిలో పనిచేస్తూ ఉండొచ్చు. ఈ రెండింట్లో ఏదీ నర్సు చేతిలో లేదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారిని, అంటే డీఎంహెచ్‌వోను, మూడే మూడు అడగండి: మంజూరైన పోస్టులెన్ని, ఎందరు పనిచేస్తున్నారు, డిప్యుటేషన్ మీద ఎవరు ఎక్కడికి ఏ ఉత్తర్వుతో వెళ్లారు. ఈ మూడు జవాబులు వస్తే సగం సంగతి తేలిపోతుంది.

బడికీ ఇంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుతో సంబంధం లేని వేరే పనులకు టీచర్లను పంపకూడదని 27వ సెక్షన్ చెబుతోంది. ఒక్క టీచరే అయిదు తరగతులూ చూస్తూ మధ్యలో యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తుంటే, ఆ టీచర్‌తో తగువు పెట్టుకుని ప్రయోజనం లేదు. ఆ టీచర్‌ను మీ పక్కన నిలబెట్టుకుని మండల విద్యాధికారి, అంటే ఎంఈవో, దగ్గరికి వెళ్లండి.

ఇంకోటి, ఆస్పత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే 2008 నాటి చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఆ క్షణం తర్వాత న్యాయం మీ వైపు ఉన్నా వినేవాళ్లు ఉండరు.

అపోహ: సమాచార హక్కు చదువుకున్నవాళ్లకు, విలేకర్లకు పనికొచ్చేది.

వాస్తవం: చదువు రానివాళ్లు నోటితో చెబితే దరఖాస్తు రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార అధికారిదేనని 2005 చట్టంలోనే ఉంది. తెలుగులో రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయాల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే ఫీజు కట్టక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

ఎక్కువమంది తడబడేది ప్రశ్న రాసే దగ్గర. "మా పీహెచ్‌సీలో మందులు ఎందుకు లేవు?" అని రాస్తే పనికొచ్చే జవాబు రాదు, ఎందుకంటే ఆ కార్యాలయం ఇవ్వాల్సింది తన దగ్గరున్న రికార్డు. అదే విషయాన్ని ఇలా అడగండి: గత ఆరు నెలల మందుల స్టాక్ రిజిస్టర్ నకలు, ఆ కాలంలో పీహెచ్‌సీ పంపిన ఇండెంట్ల, అంటే మందులు కావాలని రాసే కాగితాల, నకళ్లు, జిల్లా మందుల గోదాము నుంచి వచ్చిన సరుకు వివరాలు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తెగిందో మీకే కనిపిస్తుంది. ఇండెంటే పంపకపోతే తప్పు పీహెచ్‌సీది. పంపినా రాకపోతే పైవాళ్లది. వచ్చినా రోగికి చేరకపోతే అది వేరే కథ. నకళ్లకు డబ్బు ఎక్కువవుతుందనుకుంటే రికార్డును అక్కడే కూర్చుని చూస్తామని అడగండి, మొదటి గంట ఉచితం.

జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి, 30 రోజుల్లోపు. నా అనుభవంలో చాలా పనులు ఇక్కడే అవుతాయి, కాబట్టి ఈ మెట్టు దాటవేయకండి. రెండో అప్పీలు 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు. అక్కడ ఓపిక కావాలి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. ఇది పౌరులకు జరిగిన పెద్ద అన్యాయం.

అపోహ: బడి కమిటీ అంటే హెడ్మాస్టరు చూపించిన చోట సంతకం పెట్టడమే.

వాస్తవం: చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడుల్లో ఉండే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం వాళ్ల పని. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ కింద సంతకం అడిగితే పెట్టకండి. రాసింది చదివించుకోండి, పేజీని ఫోన్లో ఫొటో తీసుకోండి. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతులకు 150 గ్రాముల బియ్యం లెక్క. ఆ రోజు హాజరును దీంతో గుణిస్తే ఎన్ని కిలోలు వండాలో ఏ అమ్మయినా చెప్పగలదు.

అపోహ: కలెక్టరు ఆఫీసులో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చేస్తే ఇక వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: ఆ అర్జీ చాలాసార్లు కిందికి దిగి, మీరు ఎవరి మీద ఇచ్చారో వాళ్ల దగ్గరికే చేరుతుంది. "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చినంత మాత్రాన వదిలేయకండి. ఏం చేశారో రాసిన కాగితం చూపించమనండి.

అపోహ: అడిగితే కక్ష కడతారు.

వాస్తవం: దీన్ని పూర్తిగా అపోహ అనలేను. ఊళ్లో రోజూ వాళ్లతోనే పని, పిల్లలు వాళ్ల బడిలోనే. భయపడేవాళ్లను పిరికివాళ్లంటే నాకు కోపం వస్తుంది. భయాన్ని తగ్గించుకునే దారులు మాత్రం ఉన్నాయి. ఏ పౌరుడైనా ఏ ఊరి సమాచారమైనా అడగొచ్చు, కాబట్టి దరఖాస్తు పక్క ఊరివాళ్ల చేత వేయించండి. అర్జీని గ్రామసభ తీర్మానంగా పంపితే అది ఒక్కరి మాటగా ఉండదు. సంతకాలు వరుసగా కాకుండా గుండ్రంగా పెట్టించండి, ముందు ఎవరు పెట్టారో తెలియదు. పిల్లల పేర్లు, రోగుల పేర్లు రాయకండి, తరగతి, తేదీ, జరిగింది రాస్తే చాలు. నలుగురైదుగురు కలిసి వెళ్లండి. మీ దగ్గర ఉంచుకునే నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు వేసే నంబరు), తేదీ, ముద్ర పడేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.