ఐక్యూ 100 అంటే నూటికి నూరు కాదు

అపోహ: ఐక్యూ అంటే బుర్రకు వేసే మార్కులు.
వాస్తవం: 100 అంటే అదే వయసు పిల్లల్లో సరిగ్గా సగటు. పిల్లాడి స్కోరును ఈడువాళ్ల స్కోర్లతో పోల్చి, సగటును 100గా, ప్రామాణిక విచలనాన్ని (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15గా పెట్టుకుని తేల్చే స్థానమది. నూటికి 68 మంది 85–115 మధ్యే ఉంటారు, 130 దాటేది ఇద్దరే. మానసిక వయసును (ఏ వయసు పిల్లల పనులు చేయగలడో ఆ వయసు) అసలు వయసుతో భాగించే లెక్క 1912 నాటిది, దాన్ని 100తో గుణించడం 1916లో వచ్చింది. పెద్దవాళ్ల దగ్గర అది పనిచేయదు: వయసు పెరుగుతూనే ఉంటుంది, మానసిక వయసు ఒకచోట ఆగుతుంది. మన దేశంలో ఇంకా వాడే బినే-కామత్ పరీక్షది ఆ పాత లెక్కే. కాబట్టి దాని 90నీ, ఈడువాళ్ల సగటుతో పోల్చే వెక్స్‌లర్ పరీక్షలో వచ్చిన 90నీ ఒకే గాటన కట్టకండి.

అపోహ: రిపోర్టులో 92 అంటే 92 అన్నట్టే.
వాస్తవం: మంచి పరీక్షలోనూ అటూఇటూ ఐదారు పాయింట్ల తేడాకు చోటుంటుంది. నిద్రలేమి, జ్వరం, సరిపడని కళ్లజోడు ఇంకా కిందికి లాగుతాయి. మొత్తం అంకె కంటే విభాగాలు చూడండి. మాటల విభాగంలో 118, వేగంలో 84 వస్తే, సగటు ఆ పిల్లాడి గురించి ఏమీ చెప్పదు. అంకెలు వెనక్కి చెప్పడం, ఘనాలతో నమూనా పేర్చడం, గుర్తులు గబగబా నింపడం దేనికదే వేరే పని.

అపోహ: ఇంగ్లిష్ మీడియం కదా, ఇంగ్లిష్‌లోనే పెట్టించవచ్చు.
వాస్తవం: హైదరాబాద్‌లో ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. ఇంట్లో తెలుగో ఉర్దూనో మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్ పదాల అర్థాలడిగితే తేలేది ఇంగ్లిష్ సంగతే. అలాంటప్పుడు బొమ్మలు, నమూనాల విభాగాలను ఎక్కువ పరిగణించాలి. నార్మ్స్ (పోల్చడానికి ముందే సేకరించిన ఈడువాళ్ల స్కోర్లు) ఏ దేశానివో, ఏ ఏటివో కూడా అడగండి. చాలా దేశాల్లో 20వ శతాబ్దంలో స్కోర్లు పదేళ్లకు దాదాపు 3 పాయింట్లు పెరిగాయి. పాతబడిన నార్మ్స్‌తో కొలిస్తే అంకె ఉబ్బి కనిపిస్తుంది.

అపోహ: 70 లోపు వస్తే మేధో వైకల్యం ఖాయం.
వాస్తవం: అది చాలదు. తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్క, దారి గుర్తుపట్టడం లాంటి రోజువారీ పనుల్లోనూ వెనకబాటు ఉండాలి. అందుకే తల్లిదండ్రుల్ని వైన్‌లాండ్ అనే, రోజువారీ పనుల మీది ప్రశ్నావళిలోని ప్రశ్నలు అడుగుతారు.

అపోహ: వేలిముద్రలతో తెలివి తెలుస్తుంది.
వాస్తవం: తెలియదు. ఆ గీతలు కడుపులో ఉండగానే పడతాయి, తెలివి పని చేయించి చూస్తేనే బయటపడుతుంది. వేలల్లో ఫీజు దండగ.

అపోహ: తక్కువొస్తే మళ్లీ రాయించొచ్చు.
వాస్తవం: నెలలోపే అదే పరీక్ష పెడితే అలవాటు వల్ల అంకె పెరుగుతుంది. సాధారణంగా ఏడాది ఆగాలి, లేదా వేరే పరీక్ష ఎంచుకోవాలి. పాత రిపోర్టు, దాని తేదీ సైకాలజిస్టుకు ముందే చూపించండి.