కాపురం అంటే పెళ్లేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కందుకూరులో దస్తావేజులు రాయడం నా పని. 2023లో ఒక కుర్రాడు స్థలం కొంటూ చిత్తుప్రతి చదివి, "కాపురస్తుడు అని రాశారేంటి సార్? నాకింకా పెళ్లే కాలేదు, కొట్టేయండి" అన్నాడు. పక్కనున్న వాళ్లమ్మకు నవ్వాగలేదు.

అపోహ: కాపురం అంటే మొగుడూ పెళ్లాల బతుకు.

వాస్తవం: అసలు అర్థం ఒకచోట ఉండటం, అంతే. "ఆ చింతచెట్టు మీద దయ్యం కాపురముంది" అంటాం. దానికి పెళ్లయిందా అని ఎవరూ అడగరు కదా! పిల్లను కాపురానికి పంపడమన్నా అత్తారింట్లో ఉండటానికి పంపడమే. పెళ్లి మాటల్లోనే ఎక్కువగా వినీ వినీ మనకు అదే అర్థం స్థిరపడింది. దస్తావేజుల్లో మాత్రం పాత అర్థమే నడుస్తోంది. బ్రహ్మచారీ కాపురస్తుడే, ఒంటరి ముసలమ్మా కాపురస్తురాలే.

అపోహ: చివర 'పురం' ఉంది కాబట్టి సంస్కృతం.

వాస్తవం: తెలుగు మాటే. కాచు, కాపు, కాపరి, కావలి వీటి చుట్టం. 'కాపురస్థుడు'లోని 'స్థ' మాత్రం సంస్కృతం, గృహస్థులో ఉన్నదే. తెలుగుకు సంస్కృతం అతికిస్తే వైరి సమాసమని పండితులు ముఖం చిట్లిస్తారు. మేం 'స్థ'ను 'స్త' చేసి మరీ రాస్తున్నాం, ఏం చేస్తాం!

అపోహ: కాపురం, సంసారం ఒకటే.

వాస్తవం: వాడుకలో ఒకటైపోయాయి గానీ పుట్టుక వేరు. 'సం'కు 'సారం' కలిపి, సారమున్నది సంసారమని చెబుతుంటారు. వినడానికి బాగుంది, నిజం కాదు. ఇందులో ఉన్నది 'సృ' ధాతువు, కదలడం అని అర్థం. రేడియో ప్రసారంలోనూ అదే. జన్మ నుంచి జన్మకు తిరుగుతూ ఉండటం సంసారం. అంటే కాపురానికి మూలార్థం ఒకచోట ఉండటం, సంసారానికేమో తిరగడం! మలయాళంలోనైతే సంసారమంటే మాట్లాడటం.

అపోహ: అద్దెకున్నవాణ్ని కాపురస్తుడని రాస్తే ఇంటిమీద హక్కొస్తుంది.

వాస్తవం: రాదు. అది ఎక్కడుంటున్నాడో చెప్పే మాటే. ఇంటి ఓనర్లకు దీని మీద ఎందుకంత టెన్షనో!

మన కుర్రాడికి వాళ్ల పాత కాగితాలే చూపించాను. తాత దస్తావేజులో "నెల్లూరు జిల్లా, కందుకూరు కాపురస్తుడు" అని ఉంది. 1970లో కందుకూరు కొత్త ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, తర్వాత దాని పేరు ప్రకాశం అయింది. అందుకే తండ్రిది ప్రకాశం జిల్లా. 2022లో ఊరు మళ్లీ నెల్లూరులో కలిసింది కాబట్టి కుర్రాడిది నెల్లూరు. తాత కాగితం మీద తేదీ చూసి, "అప్పటికి తాతక్కూడా పెళ్లి కాలేదురా" అంది వాళ్లమ్మ. అప్పుడు పెట్టాడు సంతకం.