జిగురు పొర కట్టాలా వద్దా: బాక్టీరియాలో ఆర్ఎన్ఏ పెత్తనం

పళ్ల పాచిలో కదలాడే సూక్ష్మజీవుల గురించి, సూక్ష్మదర్శినితో వాటిని చూసిన డచ్ పరిశీలకుడు లేవెన్‌హుక్ 1683లోనే లండన్ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. అయినా బాక్టీరియా అంటే విడివిడిగా ఈదే కణాలనే ఊహ చాలాకాలం పోలేదు. అవి ఎక్కువగా తాము స్రవించిన జిగురులోనే గుంపుగా బతుకుతాయని సూక్ష్మజీవ శాస్త్రవేత్త విలియం కాస్టర్టన్ బృందం 1978లో గట్టిగా వాదించింది. శరీరంలోకి పెట్టే గొట్టాలైన కాథెటర్ల మీద, కృత్రిమ కీళ్ల మీద పేరుకునే ఈ బయోఫిల్మ్‌లోని కణాలు యాంటీబయాటిక్‌లకు ఒక పట్టాన లొంగవు.

జన్యువుల నుంచి నకలుగా తయారయ్యే అణువు ఆర్ఎన్ఏ. దాని కథ వేరేచోట మొదలైంది. పేగుల్లో ఉండే ఈ.కొలై బాక్టీరియాలో మైక్‌ఎఫ్ అనే చిన్న ఆర్ఎన్ఏ, ప్రోటీన్ తయారీకి సూచన మోసే ఒక సందేశక ఆర్ఎన్ఏను అతుక్కుని ప్రోటీన్ తయారీని అడ్డుకుంటుందని 1984లో తేలింది. 2001లో మూడు బృందాలు వేర్వేరుగా వెతికితే అలాంటివి మరెన్నో బయటపడ్డాయి.

ఈ రెండు కథలూ కలిసింది గ్లైకోజెన్ దగ్గర. బాక్టీరియా పిండిపదార్థాన్ని ఎలా దాచుకుంటుందో చూస్తూ టోనీ రోమియో బృందం 1993లో సీఎస్ఆర్-ఏ అనే ప్రోటీన్‌ను వర్ణించింది. బయోఫిల్మ్ అప్పటికి వారి ప్రశ్నే కాదు. జిగురు చక్కెరను తయారుచేసే జన్యువుల సందేశం మీద ఈ ప్రోటీన్, సందేశాన్ని చదివి ప్రోటీన్ తయారుచేసే రైబోసోమ్‌కు చోటివ్వకుండా కూర్చుంటుందని తర్వాత తెలిసింది. సీఎస్ఆర్-బీ అనే ఆర్ఎన్ఏ ఒక్కటే సుమారు 18 సీఎస్ఆర్-ఏ అణువులను తనకు కట్టేసుకోగలదు. అది పెరిగితే అడ్డు తొలగి పొర కడుతుంది, తగ్గితే కణాలు విడిగా తిరుగుతాయి. కణాన్ని చంపకుండా దాని నిర్ణయాన్ని మార్చవచ్చన్న ఆశకు ఆధారం ఇదే.

ఆశ సరే, చిక్కులూ ఉన్నాయి. సూడోమోనాస్ అనే మరో బాక్టీరియాలో ఇదే పని చేసే ఆర్ఎస్ఎమ్-వై, ఆర్ఎస్ఎమ్-జెడ్ అనే ఆర్ఎన్ఏలను అణచితే పొర తగ్గుతుంది కానీ, మన కణాల్లోకి విషాన్ని గుచ్చే యంత్రాంగం మేలుకుంటుంది. స్టాఫిలోకాకస్ బాక్టీరియాలో ఆర్ఎన్ఏ-3 అనే ఆర్ఎన్ఏను పెంచినా అంతే, పొర సడలుతుంది, విషాలు పెరుగుతాయి. అందుకే పొర పలచబడిందన్న ఫలితం చూసి మురిసిపోయే పరిశోధనలను నేను కాస్త అనుమానంగానే చదువుతాను.

పైగా మందుగా వాడే ఆర్ఎన్ఏ కణం లోపలికి చేరాలి. పెప్టైడ్ అనే చిన్న ప్రోటీన్ ముక్కను తగిలించిన, ఆర్ఎన్ఏను పోలిన కృత్రిమ న్యూక్లియిక్ ఆమ్లాలు ఈ.కొలై కణ కవచాన్ని దాటగలవని 2001లో చూపారు. అది విడి కణాల మాట. జిగురులో లోతుగా కూరుకున్న కణాన్ని చేరడం అంతకంటే కష్టం.