పీపీసీ స్లాబు, ఏఏసీ గోడ, తెల్ల మిద్దె: అపోహలు - వాస్తవాలు

అపోహ: స్లాబుకు ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంటు), అందులోనూ ఎక్కువ బలమున్న 53 గ్రేడే వాడాలి. పీపీసీ సిమెంటులో బూడిద కలుపుతారు, బలం ఉండదు.

వాస్తవం: ఆ బూడిద కల్తీ కాదు. 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ (బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాల బూడిద) కలపడానికి భారత ప్రమాణం ఐఎస్ 1489 అనుమతిస్తుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో బూడిద కలిసి కాంక్రీటులోని సన్న రంధ్రాలను పూడుస్తుంది. ఉప్పుగాలి తగిలే కోస్తా ఊళ్లలో లోపలి ఇనుము తుప్పు పట్టడం దీనివల్ల ఆలస్యమవుతుంది. కాకపోతే ఇది నిదానంగా జరిగే పని, అన్నాళ్లూ తడి ఉండాలి. మూడో రోజుకే నీళ్లు ఆపేసి, ఓపీసీ లెక్కన సెంట్రింగ్ (స్లాబు కింది ఆధారం) విప్పేస్తే స్లాబు దెబ్బతింటుంది, నింద సిమెంటు మీద పడుతుంది. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం క్యూరింగ్ (తడిపి ఉంచడం) ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10. మన ఎండలకు 14 రోజులు మడులు కట్టి నీళ్లు నిలపండి. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో ఇంజనీరు చెప్పాలి, సెంట్రింగ్ అద్దె లెక్క కాదు.

పీపీసీ వాడితే తగ్గే కాలుష్యం ఎంత? టన్ను క్లింకర్‌కు (సున్నపురాయిని బట్టీలో కాల్చగా వచ్చే, సిమెంటుకు మూలమైన ముద్దలకు) సుమారు 0.85 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో సగానికి పైగా సున్నపురాయి నుంచే వస్తుంది కాబట్టి బట్టీలో ఇంధనం మార్చినా ఆ భాగం తగ్గదు. 30 శాతం బూడిద ఉంటే బస్తాకు 15 కిలోల క్లింకర్, అంటే దాదాపు 13 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి పట్టే 400 బస్తాల మీద అది సుమారు 5 టన్నులు.

అపోహ: ఏఏసీ (గాలి బుడగలతో తేలికగా చేసి ఆవిరిలో గట్టిపరచిన) బ్లాకుల గోడలు బీటలు వారతాయి.

వాస్తవం: ఎర్ర ఇటుకలా కడితే వారతాయి. పచ్చిగా ఉన్న బ్లాకు గోడలో ఆరుతూ కుంచించుకుపోతుంది. ఆరిన బ్లాకులే తెప్పించండి. నీళ్లలో నానబెట్టకుండా పైపైన తడిపి, 3 మిల్లీమీటర్ల మందాన అంటు మసాలాతో పేర్చండి. పిల్లరు, గోడ కలిసేచోట జాలీ వేశాకే ప్లాస్టరింగ్ చేయండి. పైపుల గాడికి కట్టర్ వాడాలి, ఉలి కాదు.

అపోహ: పై అంతస్తు వేడికి ఫాల్స్ సీలింగే మందు.

వాస్తవం: ఎండను స్లాబులోకి దిగకముందే ఆపాలి. మే నెలలో నల్లబడిన మిద్దె 60 డిగ్రీలు దాటుతుంది. పగలు దాచుకున్న ఆ వేడినే రాత్రి గదిలోకి వదులుతుంది. మిద్దెను బాగా కడిగి, ఆరనిచ్చి, బీటలు పూడ్చి, ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయండి. డబ్బు లేకపోతే సున్నమైనా సరే, ఒక వేసవికి పనిచేస్తుంది. దుమ్ము పేరుకుంటే ఎండను తిప్పికొట్టే గుణం పడిపోతుంది, కాబట్టి ఏటా ఫిబ్రవరిలో కడగాలి. ఈ పూత నీళ్లు కారడాన్ని ఆపదు, వాటర్‌ప్రూఫింగ్ వేరే చేయించాలి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ఇళ్లలో మాత్రం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని వాటికే కూల్ రూఫ్‌ను తప్పనిసరి చేసింది. కానీ ఏసీ లేని చిన్న ఇళ్లకే దీని అవసరం ఎక్కువ.

అపోహ: రెండడుగుల సజ్జ ఉంటే ఏ కిటికీకైనా చాలు.

వాస్తవం: దక్షిణం వైపు చాలు. పడమట సూర్యుడు కిందికి దిగి సజ్జ కింద నుంచే లోపలికి కొడతాడు. అక్కడ కిటికీ చిన్నదిగా పెట్టి, బయట వెదురు తడకో నిలువు పలకలో కట్టాలి. లోపలి పరదా ఆపేది వెలుతురునే. అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది.