కాపెసిటబిన్ మాత్రలు, మండే అరచేతులు

రొమ్ము క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినప్పుడు డాక్టర్లు తరచూ రాసే కీమో మాత్ర కాపెసిటబిన్. పొద్దున, రాత్రి తిన్న అరగంటలోపు వేసుకోవాలి. సాధారణంగా రెండు వారాలు వాడి, ఒక వారం ఆపుతారు. సెలైన్ ఉండదు, జుట్టూ పెద్దగా రాలదు. అందుకే చాలామంది దీన్ని తేలిక కీమో అనుకుంటారు. కానీ వాడేవారిలో దాదాపు సగం మందికి అరచేతులు, అరికాళ్లు దెబ్బతింటాయి. హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటే ఇదే.

మొదట తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు పోట్లు. తర్వాత ఎరుపు, వాపు, మంట. ముదిరితే చర్మం పొరలుగా ఊడుతుంది, బొబ్బలు లేస్తాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, నలుపే ముందు కనిపిస్తుంది. కాబట్టి రంగు కోసం చూడకుండా మంట మొదలైన రోజే చెప్పాలి. మందు ఆపేస్తారేమోనన్న భయంతో ఓర్చుకునేవాళ్లున్నారు. నిజానికి డాక్టర్లు కొన్నాళ్లు ఆపి, తగ్గాక అవసరమైతే మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెడతారు. ముదిరేదాకా దాస్తేనే ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తుంది.

నివారణలో మంచి కబురు ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చింది. కాపెసిటబిన్ వాడుతున్న 264 మందిలో కొందరికి మోకాళ్ల నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్, మిగతావారికి మందు లేని జెల్ ఇచ్చారు. రోజుకు రెండుసార్లు చేతులకు, 12 వారాలు. ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయి సమస్య మందు లేని జెల్ వాడినవారిలో 15 శాతానికి వస్తే, డైక్లోఫెనాక్ వాడినవారిలో 3.8 శాతానికే వచ్చింది. ఇంత చవక మందు ఇంత మేలు చేయడం నాకు గొప్పగా అనిపిస్తుంది. డాక్టరును అడిగే మొదలుపెట్టాలి, చిట్లిన చర్మం మీద రాయకూడదు. 10 శాతం యూరియా క్రీమ్ కూడా పనికొస్తుంది. బలానికని ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా వేసుకుంటే మాత్రం ఈ బాధలు పెరుగుతాయి.

ఇది ఇంట్లోవాళ్లకు: వేడినీళ్లు, రాపిడి, ఒత్తిడి ఈ చర్మానికి పడవు. గిన్నెలు తోమడం, బట్టలు పిండడం, పిండి కలపడం మందు వాడుతున్న ఆమెకు వదలకండి. మెత్తని చెప్పులు, వదులైన నూలు మేజోళ్లు కొనిపెట్టండి.

వేలిముద్రలు కూడా చెరిగిపోవచ్చు. రేషన్ షాపులోనో పింఛను దగ్గరో మిషన్ వేలు తీసుకోకపోతే కంటిపాప స్కాన్ అడగండి. విదేశీ ప్రయాణం ఉంటే డాక్టరు రాసిచ్చిన ఉత్తరం దగ్గర పెట్టుకోవడం మేలు. మందు ఆపాక ముద్రలు సాధారణంగా తిరిగి వస్తాయి.