పేరెంటింగ్ గ్రూపులు: బయట వినిపించే అపోహలు, లోపల కనిపించే వాస్తవాలు

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో, అందులోనూ కష్టాలు మీద పడ్డ ఇళ్ళలో (మేం "హై రిస్క్" అనేది వీటినే), తల్లిదండ్రులకు పేరెంటింగ్ గ్రూపులు, అంటే పిల్లలతో ఎలా మెలగాలో కలిసి సాధన చేసే గ్రూపులు, నడపడం నా పని. ఇవి క్లినిక్‌లో జరగవు. వాళ్ళుండే చోటే, ఖాళీగా ఉన్న బడి గదిలోనో కమ్యూనిటీ హాల్లోనో పెడతాం. ఫలానా పని చేస్తానని చెప్పగానే జనం అనే మాటలు కొన్నున్నాయి. నిధులిచ్చేవాళ్ళూ అవే అంటారు, ఒక్కోసారి మా తోటి సిబ్బందీ అవే అంటారు.

అపోహ: హై రిస్క్ కుటుంబం అంటే పిల్లల్ని గాలికొదిలేసిన కుటుంబం.

రిస్క్ అని మేం లెక్కేసేవి వేరు. తల్లికి డిప్రెషన్, నిలకడలేని సంపాదన, ఇంట్లో గొడవలు, మద్యం, పిల్లాణ్ణి ఒక గంట చూసిపెట్టే మనిషి లేకపోవడం, బిడ్డ స్వభావమే పుట్టుకతో కాస్త పట్టరానిది కావడం. వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలా కుటుంబాలు ఎలాగో నెట్టుకొస్తాయి. మూడు నాలుగు ఒకేసారి మీద పడితే ఎంత ఓపిక ఉన్నవాళ్ళకైనా సాయంత్రానికి గొంతు లేస్తుంది. మా గ్రూపులకు వచ్చేవాళ్ళలో పిల్లలంటే ప్రాణం పెట్టనివాళ్ళు అరుదు.

అపోహ: అలాంటివాళ్ళు రారు. వచ్చినా రెండు వారాలకే మానేస్తారు.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. "పిలిచాం, రాలేదు" అని ఫైలు మూసేయడానికి ఇంత అనువైన మాట ఇంకోటి లేదు.

కెనడాలోని హామిల్టన్‌లో ఛార్లెస్ కన్నింగ్‌హామ్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. 1995లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రవర్తన సమస్యలున్న ప్రీస్కూల్ పిల్లల కుటుంబాలు 150 తీసుకున్నారు. కొందరికి క్లినిక్‌లో విడివిడిగా శిక్షణ, కొందరికి తమ పేటలోనే పెద్ద గ్రూపులో శిక్షణ, మిగిలినవాళ్ళు వెయిటింగ్ లిస్టులో. వలస వచ్చిన కుటుంబాలు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు, బాగా తీవ్రమైన సమస్యలున్న పిల్లల తల్లిదండ్రులు క్లినిక్ కంటే కమ్యూనిటీ గ్రూపుల్లోనే ఎక్కువగా చేరారు. ఎవరు రారని అనుకుంటామో సరిగ్గా వాళ్ళే. ఇంట్లో పిల్లల ప్రవర్తన కూడా గ్రూపులకు వెళ్ళినవాళ్ళలోనే ఎక్కువ మెరుగైంది, ఆరు నెలల తర్వాత కూడా బాగా నిలిచింది. గ్రూపుకు 18 కుటుంబాలుంటే, పెట్టిన ఖర్చుకు దక్కే ఫలితం క్లినిక్ పద్ధతి కంటే ఆరు రెట్లకు పైగా ఉంటుందని వాళ్ళ లెక్క.

ఎందుకు రారో ముందు చూడాలి. పగలు పదకొండింటికి గ్రూపు పెడితే రోజు కూలీ వదులుకుని ఎవరొస్తారు? చంకలో ఏడాది పిల్ల ఉన్న తల్లి రెండు గంటలు ఎలా కూర్చుంటుంది? చిన్నపిల్లల్ని ఆడించడానికి పక్క గది, ఒక నమ్మకమైన మనిషి లేకపోతే గ్రూపు లేనట్టే. నన్నడిగితే బడ్జెట్లో ముందు రాయాల్సిన పద్దు అదే, తీరా కోత పడేది కూడా దానికే! ఇక పేరు. "ప్రవర్తన సమస్యల నివారణ శిబిరం" అని బోర్డు పెడితే గుమ్మం తొక్కడానికే నామోషీ. ఒక వారం రాకపోతే "ఎందుకు రాలేదు" అని నిలదీయడం వద్దు. మర్నాడు ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగితే, చాలామంది పై వారం వచ్చేస్తారు.

అపోహ: వాళ్ళకు తెలియదు కాబట్టే అలా పెంచుతున్నారు, చెబితే సరిపోతుంది.

కొట్టకూడదని, అరవకూడదని తెలియనివాళ్ళు తక్కువ. తెలిసీ ఆ నిమిషంలో చేతకాకపోవడమే అసలు చిక్కు.

ఒక మామూలు పొద్దున తీసుకోండి. బయటికి వెళ్ళాలి. అమ్మ "చెప్పులేసుకో" అంటుంది. నాలుగేళ్ళవాడు బొమ్మకారు వదలడు. రెండోసారి, మూడోసారి చెప్పేసరికి ఆమె గొంతు పెరుగుతుంది. వాడు కింద పడి దొర్లుతాడు. ఆలస్యమవుతోందని టెన్షన్, పక్కింటివాళ్ళు వింటారని సిగ్గు. చివరికి "చాల్లే, నోరు ముయ్యి" అని తనే చెప్పులు తొడిగి ఎత్తుకుపోతుంది. ఏడుపు ఆగిందని ఆమెకు ఊరట. ఏడిస్తే పని జరుగుతుందని వాడికి పాఠం. మర్నాడు ఆమె మొదలుపెట్టడమే అరుపుతో మొదలుపెడుతుంది, వాడు బెదిరి లేస్తాడు. అరిస్తేనే వింటాడని ఈసారి పాఠం ఆమెకు. అమెరికాలోని ఆరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఏళ్ళ తరబడి ఇళ్ళలో గమనించి వివరించింది ఈ చక్రాన్నే. ఇందులో ఇద్దరూ ఒకరికొకరు నేర్పిస్తుంటారు, ఎవరూ కావాలని చేయరు.

ఇది ఉపన్యాసంతో తెగదు. చేసి చూడాలి, తప్పులు పోయేదాకా మళ్ళీ చేయాలి. 2008లో జెన్నిఫర్ కమిన్‌స్కీ బృందం 77 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, శిక్షణ జరుగుతుండగానే తల్లిదండ్రులు తమ సొంత బిడ్డతో సాధన చేసిన కార్యక్రమాలకు ఫలితం ఎక్కువని తేలింది.

మా గదిలో అది ఇలా ఉంటుంది. పిల్లాడు బ్లాకులు పేరుస్తుంటాడు, అమ్మ పక్కన కూర్చుంటుంది. "ఇది ఏ రంగు? ఇవెన్ని? అలా కాదు, ఇలా పెట్టు." కాసేపటికి వాడు వీపు తిప్పేస్తాడు. మళ్ళీ చేయమంటాం. ప్రశ్నలు, సలహాలు పక్కనపెట్టి, వాడు చేసేది చూసి చూసినట్టు చెప్పమంటాం. "నీలం దాని మీద ఎర్రది పెట్టావు. పడకుండా మెల్లిగా పెట్టావే!" మొదట్లో ఆటకు కామెంటరీ చెబుతున్నట్టుందని అందరూ నవ్వుతారు. నాలుగో వాక్యానికి వాడు ఒక బ్లాకు తీసి అమ్మ చేతిలో పెడతాడు. ఇంట్లో రోజూ పది నిమిషాలు ఇదే చేయమంటాం. నియమాలు, టైమ్ అవుట్ (పిల్లాణ్ణి కాసేపు ఆట నుంచి పక్కకు తీసి ఊరికే కూర్చోబెట్టడం) లాంటివి తర్వాతి వారాల్లో వస్తాయి. దగ్గరితనం లేని ఇంట్లో టైమ్ అవుట్ ఇంకో శిక్ష అవుతుంది, అంతే.

అపోహ: ఈ వయసులో అందరూ ఇంతే, పెద్దయితే వాడే మారతాడు.

సగం నిజం. కొట్టడం, కొరకడం, తోయడం రెండు మూడేళ్ళ వయసులో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతాయని మాంట్రియల్‌లో రిచర్డ్ ట్రెంబ్లే అధ్యయనాలు చూపించాయి. చాలామంది పిల్లల్లో అలాగే తగ్గిపోతాయి. కొద్దిమందిలో తగ్గవు, బడిలో చేరేసరికి వాళ్ళను తోటివాళ్ళు దూరం పెడతారు, టీచరుకు విసుగొస్తుంది, సమస్య ఇల్లు దాటిపోతుంది. రోజుకు ఎన్నిసార్లు, ఇంటా బయటా రెండు చోట్లా ఉందా, నెలలు గడిచినా తగ్గలేదా అన్నవి చూసి నిర్ణయించుకోవాలి. ఇదే మాటకు రెండో వైపు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ బెత్తం తీసేవాళ్ళుంటారు. దెబ్బకు ఆ క్షణం ఆగుతాడు. కోపమొస్తే కొట్టొచ్చని కూడా నేర్చుకుంటాడు.

అపోహ: మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు.

ఊరికే "గుడ్ బాయ్" అంటే ఏమీ జరగదు. "చెల్లికి నీ వంతు ఇచ్చావు, బాగుంది" అంటే ఏం చేశాడో వాడికి అర్థమవుతుంది, మళ్ళీ చేస్తాడు.

అపోహ: పేదరికంలో ఉన్నవాళ్ళకు ఇవన్నీ పనిచేయవు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో, వెనుకబడ్డ పేటల చిన్నపిల్లల కోసం ప్రభుత్వం నడిపిన షూర్ స్టార్ట్ పథకం ప్రాంతాల్లోని 153 కుటుంబాలతో జూడీ హచింగ్స్ బృందం చేసిన ప్రయోగం 2007లో వెలువడింది. అందరూ మూడు నాలుగేళ్ళ పిల్లల తల్లిదండ్రులు, అందరివీ వెనుకబడ్డ పేటలే. ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ అనే పేరెంటింగ్ కార్యక్రమం గ్రూపులకు వెళ్ళిన ఇళ్ళలో పిల్లల మొండితనం, దుడుకు స్పష్టంగా తగ్గాయి. యూరప్‌లో ఇదే కార్యక్రమం మీద జరిగిన 13 ప్రయోగాల సమాచారాన్ని ఫ్రాన్సెస్ గార్డ్‌నర్ బృందం ఒకచోట చేర్చి చూస్తే, పేద కుటుంబాలకు లాభం తక్కువేమీ లేదు. తల్లికి డిప్రెషన్ ఎక్కువున్న ఇళ్ళలో లాభం ఇంకా ఎక్కువే. అయితే కార్యక్రమాన్ని ఉన్నది ఉన్నట్టు నడపాలి. పన్నెండు వారాలదాన్ని నాలుగుకు కుదించి, సాధన తీసేసి, కరపత్రం చేతిలో పెట్టి "పనిచేయలేదు" అనడం అన్యాయం.

అపోహ: గ్రూపులో చేరితే ఇక అన్నీ సర్దుకుంటాయి.

ఇది మా వైపువాళ్ళ అపోహ. అద్దె కట్టలేని ఇంటికి బ్లాకుల ఆట డబ్బు తేదు. తీవ్రమైన డిప్రెషన్‌కు చికిత్స కావాలి. మాటలు బాగా ఆలస్యమైన బిడ్డకు విడిగా పరీక్షలు కావాలి. ఇంట్లో భర్త కొడుతున్నాడని తెలిస్తే ఆ విషయం గ్రూపులో అందరి ముందూ తీయకూడదు, ఆయన్ని పక్కన కూర్చోబెట్టి అడగనూ కూడదు. ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, ఏ నంబరుకు ఏ వేళలో ఫోన్ చేస్తే ప్రమాదం లేదో ఆమెనే అడగాలి, ముందు తల్లీబిడ్డల రక్షణ సంగతి చూడగల సేవలకు అప్పగించాలి. గ్రూపులో ఆమె చోటు అలాగే ఉంచుతాం, వీలైనప్పుడు వస్తుంది.